నూనె వచ్చింది, లెక్క కుదరలేదు

1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు సరఫరాకు కోత పెట్టాయి. 3 డాలర్ల దగ్గరున్న బ్యారెల్ ధర కొద్ది నెలల్లోనే 12 డాలర్లకు చేరువైంది. చమురు దాదాపు మొత్తం దిగుమతి చేసుకునే జపాన్ అల్లాడిపోయింది. చెత్తలో పోతున్న ప్లాస్టిక్ నుంచి నూనె తీయాలన్న ప్రయత్నాలకు అక్కడ ఊపు వచ్చింది ఆ దశాబ్దంలోనే.

సూత్రం పాతదే. 1913 నాటికే అమెరికాలో విలియం బర్టన్ చిక్కటి నూనెను ఒత్తిడిలో కాచి, పెద్ద అణువులను విరగ్గొట్టి పెట్రోలు తీసే పద్ధతికి పేటెంటు పొందాడు. పాలిథిన్ కూడా చమురు నుంచి వచ్చిందే. కార్బన్, హైడ్రోజన్ల పొడవాటి గొలుసు. గాలి తగలకుండా 400 డిగ్రీలకు పైగా వేడిచేస్తే ఆ గొలుసు తెగి ఆవిరవుతుంది. ఆవిరిని చల్లారిస్తే నూనె. చల్లబడని వాయువు పొయ్యికి పనికొస్తుంది.

చిక్కంతా పీవీసీతో వచ్చింది. దాని బరువులో 57 శాతం క్లోరినే. వేడికి అది ఆమ్లమై యంత్రాలను తినేస్తుంది. అందుకే ముందు 300 డిగ్రీల దగ్గర కరిగించి, క్లోరిన్‌ను వెళ్లగొట్టే దశను చేర్చారు. దాంతో యంత్రం ఖరీదూ పెరిగింది.

1995లో జపాన్ ప్యాకింగు వ్యర్థాల చట్టం చేసింది. 2000 ఏప్రిల్ నుంచి ప్లాస్టిక్ ప్యాకింగు అంతా దాని కిందికి వచ్చింది. ఇళ్లలో వేరుచేయాలి, మునిసిపాలిటీలు సేకరించాలి, రీసైక్లింగు ఖర్చులో ఎక్కువ భాగం ప్యాకింగు తయారీ, వాడకం కంపెనీలు భరించాలి. ఆ ఏడాదే సప్పోరోలో ఏటా 14,800 టన్నుల సామర్థ్యంతో నూనె కర్మాగారం మొదలైంది.

నూనె వచ్చింది. కానీ అమ్మకంతోనే ఖర్చు గట్టెక్కదు. ప్లాస్టిక్‌ను తీసుకున్నందుకు ఇచ్చే రుసుమే ఆధారం. ఆ రుసుము టెండర్లలో తేలుతుంది. ప్లాస్టిక్‌ను మళ్లీ ప్లాస్టిక్‌గానే మలిచేవారికి అక్కడ మొదటి ప్రాధాన్యం. ఉక్కు కర్మాగారాలేమో ఉన్న కోక్ బట్టీల్లోనే దాన్ని వేసుకుని తక్కువ రుసుముకు ఒప్పుకోగలవు. సరుకు దొరకడం కష్టమై సప్పోరో కర్మాగారం 2010లో మూతపడింది.

2019 ఆగస్టులో డెహ్రాడూన్‌లోని భారతీయ పెట్రోలియం సంస్థ, ప్రభుత్వ గ్యాస్ సంస్థ గెయిల్ తోడ్పాటుతో, రోజుకు టన్ను ప్లాస్టిక్ నుంచి 800 లీటర్ల దాకా డీజిల్ తీసే ప్లాంటును ప్రారంభించింది. మన శాస్త్రవేత్తల పనితనానికి అది గర్వించదగ్గ గుర్తు. అయితే సప్పోరో నేర్పిన లెక్క ఇక్కడా వర్తిస్తుంది. 2014 మధ్యలో 100 డాలర్లు దాటిన బ్యారెల్ 2016 జనవరిలో 30 డాలర్ల లోపుకు పడిపోయింది. అలాంటి ధరనే నమ్ముకున్న ప్లాంటు నిలవదు. ఏరి, వేరుచేసి, కడిగి, ఆరబెట్టిన ప్లాస్టిక్ ఏడాది పొడవునా అందాలి.

ప్యాకింగు చేసిన కంపెనీలదే బాధ్యతని మన 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలూ చెబుతున్నాయి. ఆ డబ్బు చెత్త ఏరి వేరుచేసే మనిషి కూలి దాకా చేరాలి. పాత సామాన్ల వ్యాపారి గట్టి డబ్బాలు కొంటాడు, పల్చటి కవర్లను వదిలేస్తాడు. ఆ కవర్లకూ ధర కట్టి కొన్నప్పుడే ఈ ప్లాంట్లకు సరుకు దొరుకుతుంది, మన కాలవలకు ఊపిరాడుతుంది.