నెయ్యి, కారం, తేనె, బియ్యం: దేనికి ఎక్కువ పెట్టాలి?

నెల సరుకుల చీటీ రాసేటప్పుడు మావారు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. అదే వస్తువు తక్కువకు దొరుకుతుంటే ఎక్కువ పెట్టడం ఎందుకని. మీ ఇళ్ళలోనూ అడుగుతూనే ఉంటారు. మాలాంటి ఇళ్ళలో నెయ్యికి వంద ఎక్కువైతే పిల్లల పళ్ళలో వంద తగ్గుతుంది కాబట్టి కొట్టిపారేసే ప్రశ్న కాదు. జవాబు కోసం కాస్త చరిత్ర తిరగేశాను.

1937 సంగతి చూడండి. మన దేశంలో డాల్డా అమ్మకానికి వచ్చింది ఆ ఏడే. సరుకుల నాణ్యతకు ముద్ర వేసే అగ్‌మార్క్ చట్టం వచ్చిందీ ఆ ఏడే. వనస్పతి చూపుకి పూసకట్టిన నెయ్యిలాగే ఉంటుంది, ధరేమో తక్కువ. నేతిలో కలిపితే కన్ను పట్టుకోలేదు. అందుకని ప్రభుత్వం ఒక ఉపాయం చేసింది. వనస్పతి తయారుచేసేవాళ్ళు అందులో నూటికి 5 పాళ్ళు నువ్వుల నూనె కలిపి తీరాలంది. నువ్వుల నూనె ఉంటే ఒక రసాయన పరీక్షలో గులాబీ రంగు తేలుతుంది. నేతిలో ఆ రంగు వచ్చిందంటే దొంగ దొరికినట్టే. మన నువ్వుల నూనెని వేగులవాడిలా డబ్బాలో కూర్చోబెట్టారన్నమాట! అయితే ఆ పరీక్ష చేసేది ప్రయోగశాలలో, మన వంటింట్లో కాదు. మంచి నేతికి మనం పెట్టే ఎక్కువ డబ్బులో కొంత, మన తరఫున ఎవరో పరీక్ష చేసినందుకు ఇచ్చే కూలి. అది నాకు దండగ అనిపించదు.

కారం సంగతి వేరు. ఖమ్మం మిర్చి మార్కెట్‌ని పక్కనే పెట్టుకుని కారం పొడి ప్యాకెట్ కొనడం నాకు మనసొప్పదు. తేజ కాయ చేతిలోకి తీసుకుంటే రంగు, ఎండు, ఘాటు అన్నీ అదే చెబుతుంది. విరిస్తే లోపల బూజుందో లేదో తెలిసిపోతుంది. పొడి అయ్యాక ఏమీ చెప్పదు. 2003లో మన దేశం నుంచి వెళ్ళిన మిరప సరుకులో సుడాన్ అనే పారిశ్రామిక రంగు ఉందని ఫ్రాన్స్‌లో బయటపడింది. ఆ ఏడే ఎగుమతి అయ్యే కారానికి మన సుగంధ ద్రవ్యాల బోర్డు పరీక్ష తప్పనిసరి చేసింది. అయినా పాత సరుకు వదల్లేదు. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్ దుకాణాల నుంచి వందల రకాల తినుబండారాలు వెనక్కి తీసుకున్నారు. ఎండబెట్టడం, తొడిమలు తీయడం, మర పట్టించడం, ఆ రోజంతా తుమ్ములు... ఇవన్నీ లెక్కేస్తే ఇంటి కారమేమీ చవక కాదు. అయినా ఏడాదికొకసారే కదా.

మరి ధర ఎక్కువైతే నాణ్యత ఉన్నట్టేనా? 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనె పరీక్షించి ఫలితాలు బయటపెట్టింది. అన్ని పరీక్షలూ గట్టెక్కినవి 3 మాత్రమే. తప్పినవాటిలో పేరున్నవీ ఉన్నాయి. అప్పట్నుంచి తేనె విషయంలో నేను బ్రాండ్ చూడటం మానేసి, ఎక్కడినుంచి వచ్చిందో చూస్తున్నాను. అడవిబిడ్డల దగ్గర సరుకు కొనడానికి 1956లో విశాఖలో గిరిజన సహకార సంస్థ పెట్టారు. భద్రాచలం వెళ్ళినప్పుడు రాములవారి దర్శనమయ్యాక గిరిజన దుకాణంలో ఒక సీసా తెచ్చుకుంటాను.

ఇక బియ్యం. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు అవి కడుపు నిండటానికి. సన్నన్నం పండగలకీ చుట్టాలకీ. 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చాక మెల్లిగా అది రోజువారీ అన్నమైంది. 2025 ఉగాదికి మా పక్కనే, కోదాడ దాటితే వచ్చే హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం మొదలుపెట్టారు, మనిషికి 6 కిలోలు. మా అత్తయ్య మాత్రం ఇప్పటికీ పాత బియ్యమే బియ్యమంటారు. నిజమే, కొత్తవి ముద్దవుతాయి. కానీ ఆ తేడా కంటికి కనిపించేదే, నీళ్ళు కాస్త తగ్గించి వండితే సర్దుకునేదే. అందుకే పాత బియ్యం చుట్టాలొచ్చినప్పటికి ఒక పది కిలోలు పక్కన పెట్టి, మిగతా రోజులకి రేషన్‌వే వండుతున్నాను. అక్కడ మిగిలిన డబ్బు నేతిలోకి వెళ్తోంది. ఈ నెల చీటీ చూసి మావారు ఏమీ అడగలేదు.