ఉలిపికట్టె

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మన పెద్దవాళ్లు దెప్పుతుంటారు. ఈ మాట మగవాళ్లమీద కంటే ఆడవాళ్లమీదే ఎక్కువగా పడుతుందని నా అనుమానం. మగవాడు ఎదురు చెబితే పట్టుదల, మనం చెబితే మొండితనం! అమెరికా చరిత్రలో అలాంటి ఉలిపికట్టె ఒకావిడ ఉంది. పేరు జెనెట్ రాంకిన్.

1880లో మోంటానాలో పుట్టింది. అక్కడి ఆడవాళ్లకు ఓటుహక్కు కోసం ఊరూరా తిరిగింది. 1914లో ఆ హక్కు వచ్చింది. 1916లో రిపబ్లికన్ పార్టీ తరఫున గెలిచి, అమెరికా కాంగ్రెసులో కాలుపెట్టిన మొట్టమొదటి స్త్రీ అయింది. అప్పటికింకా దేశంలో చాలా రాష్ట్రాల్లో ఆడవాళ్లకు ఓటు లేదు. వాళ్లందరి కళ్లూ ఈవిడమీదే!

1917 ఏప్రిల్ 2న ప్రమాణం చేసిందో లేదో, ఆ సాయంత్రమే అధ్యక్షుడు విల్సన్ సభకొచ్చి జర్మనీమీద యుద్ధం ప్రకటించమన్నాడు. మన ఓడల్ని ముంచుతుంటే చేతులు కట్టుకు కూర్చోవాలా అని ఒక పక్షం. ఐరోపా రాజుల తగాదాలో మన పిల్లలెందుకు చావాలి, ఇది బ్యాంకులవాళ్ల లాభాలకోసం వచ్చిన యుద్ధం అని ఇంకో పక్షం.

ఆడవాళ్లూ రెండుగా చీలారు. ఓటుహక్కు ఉద్యమానికి పెద్దదిక్కయిన కారీ చాప్‌మన్ కాట్ యుద్ధానికి సరేనని ఓటెయ్యమంది. కాదంటే ఆడవాళ్లకు దేశభక్తి లేదంటారు, చేతిదాకా వచ్చిన హక్కు పోతుందని ఆమె భయం. అదే ఉద్యమంలోని మరో నాయకురాలు ఆలిస్ పాల్ వెళ్లి వద్దని ఓటెయ్యమంది. ఎన్నికల్లో డబ్బూ శ్రమా ధారపోసిన సొంత తమ్ముడు వెల్లింగ్టన్ కూడా యుద్ధానికి సరేనను, లేకపోతే మళ్లీ గెలవవని బతిమాలాడు. పాపం, ఎవరి మాట వినాలి?

ఏప్రిల్ 6 తెల్లవారుజామున మూడు గంటలవేళ ఓట్లు తీశారు. యుద్ధానికి 373, వద్దని 50. ఆ 50లో రాంకిన్ ఒకరు. తక్కిన 49 మందీ మగవాళ్లే! అయినా పత్రికలకు కనబడింది ఈవిడొక్కతే. ఓటేస్తూ ఏడ్చిందని రాశారు. ఆవిడ ఏడ్చిందా అని సభ్యుడు లాగార్డియాను అడిగితే, నా కళ్లలోనే నీళ్లు నిండితే ఇంక నాకేం కనబడుతుంది అన్నాడట. యుద్ధానికి ఓటేసిన మనిషి ఆయన!

ఆ ఓటువల్లే తరవాత ఆవిడ ఓడిపోయిందంటారు. అది సగం మాటే. 1917 జూన్‌లో మోంటానాలోని బుట్ రాగి గనిలో మంటలు లేచి 168 మంది కూలీలు చనిపోయారు. ఆవిడ సమ్మె చేసిన కార్మికుల పక్షాన నిలబడి, గనుల యజమానులతో తలపడింది. ఆ రాష్ట్రంలో రాగి కంపెనీకి ఎదురెళ్లడమంటే మొసలితో వైరమే. పైగా నియోజకవర్గాల హద్దులు మార్చారు. 1918లో సెనేటుకు పోటీ చేసి ఓడిపోయింది. గర్భిణులకూ పసిపిల్లలకూ ప్రభుత్వ వైద్యసాయం అందించాలని ఆ ఏడే ఆవిడ పెట్టిన బిల్లు మాత్రం, రూపు మార్చుకుని 1921లో చట్టమైంది. యుద్ధం గురించి వందసార్లు రాసే చరిత్రకారులు ఈ సంగతిని ఒక్క వాక్యంలో దాటేస్తారు.

1940లో, అరవై ఏళ్ల వయసులో మళ్లీ గెలిచింది. మీ పిల్లల్ని పరదేశపు యుద్ధాలకు పంపనివ్వనని తల్లులకు చెప్పింది. ఆ ఏడాది అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కూడా ఆ మాటే చెప్పాడు. 1941 డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్‌మీద జపాను బాంబులు పడ్డాయి. రెండు వేల నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. మర్నాడు సభలో యుద్ధానికి 388 ఓట్లు, వద్దని ఒకే ఒక్క ఓటు. ఈసారి తోడు ఎవరూ లేరు. బయటికొస్తే జనం చుట్టుముట్టారు. టెలిఫోన్ గదిలో దూరి తలుపేసుకుంది. పోలీసులు వచ్చి కాపలాగా తీసుకెళ్లారు.

నిజం చెప్పాలంటే ఈ రెండో ఓటుతో నేను ఏకీభవించలేను. హిట్లరు రాజ్యంలో యూదులకు జరిగినదంతా తెలిశాక ఎలా ఏకీభవిస్తాం? మూడు రోజులకు జర్మనీ, ఇటలీలమీద ఓటింగు జరిగినప్పుడు ఆవిడ ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. హాజరు అని మాత్రం పలికింది. ఆ ఒక్కమాట వెనక ఎన్ని రాత్రుల నిద్ర పోయిందో!

తరవాత ఎన్నికల్లో నిలబడలేదు. గాంధీగారి పద్ధతి తెలుసుకోవాలని 1946 మొదలుకొని మన దేశానికి చాలాసార్లు వచ్చింది. 1968 జనవరిలో వియత్నాం యుద్ధం ఆపమంటూ వాషింగ్టన్‌లో సుమారు ఐదు వేలమంది ఆడవాళ్లు ఆవిడ పేరు పెట్టుకున్న దళంగా ఊరేగారు. అప్పటికి ఆవిడ వయసు 87.

ఆ ఊరేగింపుకు వచ్చిన కుర్రపిల్లలు కొందరు, తల్లులుగా భార్యలుగా కన్నీళ్లు పెట్టుకుని అడగడమేమిటి, పౌరులుగా అడగాలి గాని అని పేచీ పెట్టారు. సాంప్రదాయ స్త్రీత్వానికి అంత్యక్రియలంటూ ఒక బొమ్మశవాన్ని మోసుకొచ్చి, తమ దారి తాము పట్టారు.