పానా పోయె, పాస్‌వర్డ్ వచ్చె

ఆమధ్య సంక్రాంతికి టెక్కలి వెళ్ళినప్పుడు, మెకానిక్ పని చేసే మా మావయ్య ఓ ప్రశ్న అడిగాడు. "ఒరే, పెడలు కింద వైరే లేదు. నొక్కినట్టు ఇంజనుకెలా తెలుస్తాదిరా?" అప్పటికి గ్రానైట్ క్వారీలో ఓ లోడరు ఒకటిన్నర రోజులుగా ఐడిలింగ్ దాటి లేవట్లేదు. జవాబు చెప్పబోతే కథ వందేళ్ళు వెనక్కి పోయింది.

1900లో నౌపడా నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి చిన్నరైలు మొదలైంది. డ్రైవరు లివరు లాగితే ఆవిరి, ఆవిరితో వేగం. అంతా చేతిలోనే. డీజిలు బళ్ళొచ్చాక లివరు బదులు పెడలు, దాన్నుంచి పంపుకి వైరు. బాష్ కంపెనీ 1927లో ఈ పంపులు పెద్దఎత్తున చెయ్యడం మొదలెట్టింది, 1951లో బెంగుళూరులో మైకో పుట్టింది. మనవాళ్ళకి ఇప్పటికీ అది 'మైకో పంపే'! అందులో తిరిగే బరువులూ స్ప్రింగులూ ఉండే గవర్నరు, 1788లో జేమ్స్ వాట్ ఆవిరియంత్రానికి పెట్టినదాని మునిమనవడే. వైరు సాగిందా, నట్టు వదులుచేసి బిగించడమే. ఒక్క పానా చాలు.

ఆ పానా విలువ 2018లో తెలిసింది. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలకూలాయి. రోజుల తరబడి కరెంటు లేదు. వజ్రపుకొత్తూరు వైపు రోడ్డు మీద చెట్లు తీస్తున్న ఓ బండికి యాక్సిలరేటర్ వైరు తెగితే, మావయ్య పాత మోపెడ్ క్లచ్ వైరు వేసి నడిపించాడట.

2021 ఏప్రిల్ నుంచి చక్రాల నిర్మాణ యంత్రాలకి కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాయి. దాంతో కొత్త బళ్ళలో ఎలక్ట్రానిక్ పెడలు మామూలైపోయింది. అందులో సాధారణంగా రెండు సెన్సర్లుంటాయి. చాలా డిజైన్లలో ఒకటి చూపే వోల్టేజికి రెండోది సగం చూపిస్తుంది. లెక్క కుదరకపోతే కంప్యూటరు రెంటినీ నమ్మదు, ఇంజన్ని ఐడిలింగ్‌కి దించేస్తుంది. ఇది మంచిదే సుమండీ. క్వారీ అంచున బండి దానంతటదే దూకితే ప్రాణాలు పోతాయి. మనం సర్వర్లకి రాసే జాగ్రత్తలాంటిదే.

తకరారు అక్కడ కాదు. మావయ్య కనెక్టరు విప్పి రాతిపొడి దులిపాడు. వోల్టేజీలు కొలిస్తే సరిగ్గానే ఉన్నాయి. అయినా తప్పు చెరిపి, పెడలు కొసలు రెండూ మళ్ళీ నేర్పాలంటే పాస్‌వర్డున్న లాప్‌టాప్ కావాలి. మర్నాడు విశాఖ నుంచి కుర్రాడొచ్చి పది నిమిషాల్లో ముగించాడు.

"రోగం కనిపెట్టింది నాను, తాళం ఆడి కాడుంది" అన్నాడు మావయ్య.

రక్షణ కోసం పెట్టిన తాళం వేరు, వ్యాపారం కోసం పెట్టిన తాళం వేరు. సెన్సర్లని పోల్చి చూసే కోడుకి తాళం ఉండాల్సిందే. కానీ ఏ తప్పొచ్చిందో తెర మీద తెలుగులో చూపించడానికీ, 'తాళంచెవి తిప్పి పెడలు మూడుసార్లు పూర్తిగా నొక్కు' లాంటి పద్ధతిలో కొసలు నేర్పడానికీ తాళమెందుకు? కొన్ని ఇంజన్లలో ఆ పద్ధతి ఉంది కూడా.

ఈ కోడు రాసేది మనలాంటివాళ్ళమే. ఉద్దానానికి తుఫాను మళ్ళీ వస్తుంది. ఆ రాత్రి కరెంటుండదు, సిగ్నలుండదు, విశాఖ రోడ్డుండదు. మావయ్య మాత్రం ఉంటాడు.