గుల్ల మీది పువ్వు ఏ కుటుంబానిది?

ఇంటర్ బైపీసీ చదివినవాళ్లకు ఆడంసియా పేరు గుర్తుండే ఉంటుంది. సీ అనిమోన్‌కు, అంటే సముద్రంలో పువ్వులా విచ్చుకునే ఆ జంతువుకు, పుస్తకంలో ఇచ్చే ఉదాహరణ అదే. నిజానికి అది ఐరోపా తీరాలది. అట్లాంటిక్, మధ్యధరా నీళ్లలో సన్యాసి పీతను అంటిపెట్టుకుని బతుకుతుంది. ఇలా పీతతో పొత్తు కలిపే అనిమోన్లు హిందూ మహాసముద్రంలోనూ ఉన్నాయి. ఏది ఏ కుటుంబానిదో తేల్చే పని మొదలై రెండు శతాబ్దాలు దాటింది, ఇంకా తెమల్లేదు.

ఈ పొత్తు అవసరం ఏమిటో దివిసీమ వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. క్రీ.శ. 2వ శతాబ్దంలో టాలెమీ కొంటకొస్సిల అని రాసిన రేవు మన ఘంటసాలేనని చరిత్రకారులు చెబుతారు. ఇవాళ ఆ ఊళ్లోవాళ్లు సముద్రం చూడాలంటే బస్సెక్కాలి. కృష్ణమ్మ తెచ్చిపోసిన ఒండ్రు తీరాన్ని అంత దూరం నెట్టింది. మంగినపూడిలో కాళ్లకు అంటుకునే నల్లమట్టి నీటి అడుగునా పరుచుకునే ఉంటుంది. అనిమోన్‌కేమో పాదం అతికించుకోవడానికి గట్టి చోటు కావాలి. బురదలో పాతుకుని బతికే రకాలు కొన్ని ఉన్నాయి గానీ, తక్కినవాటికి రాయి లేని చోట చచ్చిన నత్త గుల్లే ఆధారం. అందులో సన్యాసి పీత కాపురం పెట్టిందంటే, ఆ చోటుకు కాళ్లొచ్చినట్టే. పీత తినగా రాలిన తునకలు అనిమోన్‌కు దక్కుతాయి. అనిమోన్ కుట్టే తీగలకు జడిసి ఆక్టోపస్ పీత జోలికి రాదు.

ఇక కుటుంబం తేల్చే కథకు వస్తే, డెన్మార్క్ రాజు పంపిన అరేబియా యాత్రలో పీటర్ ఫోర్స్కాల్ ఎర్రసముద్రపు అనిమోన్‌ను ఒకదాన్ని వర్ణించి రాసుకున్నాడు. 1763లో యెమెన్‌లో జబ్బుపడి 31 ఏళ్లకే కన్నుమూశాడు. ఆ యాత్ర నుంచి బతికి తిరిగొచ్చిన తోటి సభ్యుడు నీబుర్ ఆ రాతలను 1775లో అచ్చువేయించాడు. ప్రియాపస్ ప్రజాతిలో ఆయన చేర్చిన ఆ జీవినే ఇప్పుడు కాలియాక్టిస్ పాలిపస్ అంటున్నాం. ఎర్రసముద్రం నుంచి పసిఫిక్ దాకా సన్యాసి పీతల గుల్లల మీద కనిపించేది ఇదే. తోటివాడి కాగితాలను అంత కష్టంలోనూ కాపాడిన నీబుర్‌కు దండం పెట్టాలి.

ఇలా ఏది ఏమిటో తేల్చే పనిలో పెద్ద పొరపాటు 1903లో జరిగింది. హవాయి లోతుల్లోంచి పైకొచ్చిన మెరిసే పల్చని గుల్లను చూసి, అమెరికాలో నత్తల మీద ఆరితేరిన విలియం డాల్ దాన్ని కొత్త నత్తగా నమోదు చేశాడు. పేరు స్టైలోబేట్స్. తీరా చూస్తే అది నత్త చేసినది కాదు, అనిమోన్ చేసినది! పీత మొదట దూరిన చిన్న గుల్ల మీద అనిమోన్ కూర్చుని, పాదం నుంచి పదార్థం స్రవిస్తూ గుల్ల అంచును చుట్లు చుట్లుగా పొడిగిస్తుంది. పీత పెరిగినకొద్దీ ఇల్లూ పెరుగుతుంది. 1980లో డాఫ్నీ ఫాటిన్ డన్, డెవానీ, రాత్ కలిసి దీన్ని వివరంగా తిరిగి వర్ణించి, ఆక్టినిడే కుటుంబంలో చేర్చారు.

ఆడంసియా కూడా ఇలాగే పీతకు ఇల్లు పొడిగిస్తుంది. ఇద్దరిదీ ఒకటే విద్య కాబట్టి ఒకటే వంశం అనిపించడం సహజం. కానీ ఆడంసియా, కాలియాక్టిస్ హార్మథిడే అనే వేరే కుటుంబానివి. అనిమోన్‌ను కోసి చూస్తే గాని ఇలాంటి తేడా తెలియదు. లోపలి తెరలు ఎన్ని జతలు, పై అంచున ముడుచుకునే కండరం ఎలా ఉంది, కుట్టే కణాలు ఏ ఆకారంలో ఉన్నాయి అని చూడాలి. స్వీడన్‌కు చెందిన ఆస్కార్ కార్ల్‌గ్రెన్ 1949లో ప్రకటించిన జాబితా ఈ లెక్కల మీదే నిలబడింది.

డీఎన్ఏ వచ్చాక ఆ లెక్కలూ కదిలాయి. 2010లో గుస్మావ్, డేలీ హార్మథిడే కుటుంబాన్ని పరీక్షించారు. ఆ ఒక్క కుటుంబంలోనే పీతతో పొత్తు కనీసం రెండుసార్లు విడివిడిగా పుట్టిందని తేల్చారు. అంటే పీత తోడున్నంత మాత్రాన చుట్టరికం ఉన్నట్టు కాదు.

జపాన్ లోతుల్లో దొరికి, 2022లో కొత్త జాతిగా ప్రకటించిన స్టైలోబేట్స్ కాల్సిఫర్ కూడా పీతతో పొత్తు కలిపే కోవలోదే. పరిశోధకులు దాన్ని తొట్టిలో పెంచి గమనించారు. పీత కొత్త గుల్లలోకి మారగానే పాత గుల్ల దగ్గరికి తిరిగి వచ్చి, అనిమోన్‌ను కాళ్లతో తట్టి లేపి, కొత్త ఇంటి మీదికి ఎక్కించుకుంది.