గీతల చదువు

మదనపల్లెలో 1998లో, కుప్పంలో 2001లో ఇంజనీరింగు కాలేజీలు వచ్చాక మన ఇళ్ళలో కొత్త ప్రశ్న పుట్టింది: "ఏ క్యాడ్ నేర్చుకోవాలి?" క్యాడ్ అంటే కంప్యూటరు సాయంతో నమూనా గీయడం. పుంగనూరులో మా మేనకోడలూ అదే అడిగింది, "ఏది ముందత్తా?" అని. వాళ్ళింట్లో ఒక్క కోర్సుకే డబ్బుంది. మగపిల్లాడికైతే అప్పోసప్పో చేసి రెండోసారి కడతారు. ఆడపిల్లకి ఎవరు కడతారు చెప్పండి?

నేను చదివింది చరిత్ర. అంచేత అందులోనే జవాబు వెతికాను.

పట్టుచీరలు నేసే నీరుగట్టువారిపల్లె మన మదనపల్లెలోనే ఉంది కదా! జకార్డు మగ్గం మీద బొమ్మ దిగాలంటే గళ్ళ కాయితం మీద గీసి, ఆ గళ్ళ ప్రకారం అట్టలకి చిల్లులు కొట్టడం పాత పద్ధతి. ఫ్రాన్సులో జకార్డు దొర 1804లో చేసిన ఏర్పాటిది. బొమ్మని లెక్కగా మార్చి యంత్రానికి చెప్పడం అప్పటికే ఉందన్నమాట.

1963లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ అనే విద్యార్థి స్కెచ్‌ప్యాడ్ తయారుచేశాడు. తెర మీద వెలుగు కలంతో వంకరగా గీసినా, 'ఈ రెండు గీతలూ సమాంతరం' అని చెబితే యంత్రమే సర్దేది. 1982లో ఆటోక్యాడ్ వచ్చి, ఈ విద్యని బల్లమీది చిన్న కంప్యూటర్లోకి దించింది. 1995లో సాలిడ్‌వర్క్స్ వచ్చింది. అందులో వస్తువుని నిండు రూపంతో కట్టొచ్చు; ఒక కొలత మారిస్తే దానిమీద ఆధారపడ్డవన్నీ తామే మారతాయి. 2002లో వచ్చిన ఫ్రీక్యాడ్‌దీ ఇంచుమించు ఆ దారే, కాని పైసా ఖర్చు లేదు.

కనక ఏది గొప్పదని కాదు, ఏం చేయబోతున్నామన్నదే ప్రశ్న. ఇళ్ళ ప్లాన్లు గీసేవాళ్ళకి ఆటోక్యాడ్, యంత్రాల భాగాలు చేసేవాళ్ళకి సాలిడ్‌వర్క్స్ వంటిది. ఎటూ తేలకపోతే నెల్లాళ్ళు ఫ్రీక్యాడ్‌తో చెయ్యి తిప్పి చూసి, ఆ తర్వాతే ఫీజు కట్టమనండి.

అన్నిటికన్నా ముందు ఒక వస్తువుని పైనుంచీ, ఎదురుగా, పక్కనుంచీ చూసి కాయితం మీద గీయడం రావాలి. సాఫ్ట్‌వేర్లు మారుతూనే ఉంటాయి; ఈ మూడు చూపులూ మారవు. చుక్కలు కుదురుగా పెట్టడం వచ్చినమ్మాయికి బియ్యప్పిండైనా ఒకటే, రాతి ముగ్గైనా ఒకటే!