టైటానిక్ ఎముకల గూడు: 30 లక్షల రివెట్లు, ఒక్క క్లిక్

ఈ ఎపిసోడ్ టైటానిక్ మీద. జాక్, రోజ్ కథ కాదు, కంగారు పడకండి. ఆ పెద్ద మెట్లు, ఆ షాండ్లియర్లు, ఫస్ట్ క్లాస్ భోజనాల మెనూ... ఇవన్నీ యూట్యూబ్‌లో కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. మనం ఇవాళ ఆ తివాచీల కింద, ఆ చెక్క పలకల వెనక ఉన్న ఉక్కును చూద్దాం. నేనూ ఇంకో ఇద్దరు ఫ్రెండ్సూ కలిసి కొన్ని నెలలుగా బ్లెండర్‌లో ఆ ఓడ ముందు భాగాన్ని ఒక్కో ఫ్రేమ్ చొప్పున కడుతున్నాం. బయటి పెంకు మాత్రమే కాదు, లోపలి ఎముకలతో సహా.

ముందు ఆ ఎముకల సంగతి. ఓడ పొడవు 882 అడుగుల 9 అంగుళాలు. బెల్‌ఫాస్ట్‌లోని హార్లాండ్ అండ్ వూల్ఫ్ యార్డులో 1909 మార్చి 31న దీని వెన్నెముక, అంటే కీల్, వేశారు. యార్డు లెక్కలో దీని నంబరు 401. కీల్ మీద డబుల్ బాటమ్, అంటే రెండు పొరల అడుగు. ఆ రెండు పొరల మధ్య 5 అడుగుల 3 అంగుళాల ఎత్తు. పొట్టి మనిషి లోపల దాదాపు నిలబడొచ్చు. దాని మీంచి రెండు పక్కలా ఫ్రేమ్‌లు లేస్తాయి. మన పక్కటెముకలు అనుకోండి. ఓడ నడుమ భాగంలో ఒక ఫ్రేమ్‌కీ ఇంకో ఫ్రేమ్‌కీ 3 అడుగుల దూరం. ముక్కు వైపు వచ్చేసరికి అది 2 అడుగులే. వెనక చివర్లో 2 అడుగుల 3 అంగుళాలు. ఎందుకంటే అలల దెబ్బ తగిలేది ముందే. అక్కడ ఎముకలు దగ్గర దగ్గరగా ఉండాలి.

ఈ ఎముకల మీద చర్మం లాగా ఉక్కు ప్లేట్లు. పెద్దవి 30 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, నడుమ భాగంలో ఒక అంగుళం మందం. ఒక ప్లేటు అంచు ఇంకో ప్లేటు మీదకి వస్తుంది, పెంకుటింటి మీద పెంకుల్లాగా. ఆ రెండింటినీ కలిపి పట్టుకునేది రివెట్. అప్పట్లో ఓడలకి వెల్డింగ్ లేదు. మొత్తం ఓడలో సుమారు 30 లక్షల రివెట్లు, వాటి బరువే 1,200 టన్నులు. రివెట్ అంటే ఎలా ఉంటుందో చూడాలనుకుంటే రాజమండ్రిలో గోదావరి మీద పాత హేవ్‌లాక్ వంతెన ఉంది కదా, 1900లో పూర్తయింది. దాని గడ్డర్ల మీద వరసగా గుండ్రటి బొడిపెలు కనిపిస్తాయి. అవే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇదంతా మనకెలా తెలుసు? ఒక్క పూర్తి బ్లూప్రింట్ ఎక్కడో దొరికేసి, దాన్ని చూసి కట్టేయడం ఉండదు. 1911లో 'ది షిప్‌బిల్డర్' అనే ఇంజినీరింగ్ పత్రిక ఒలింపిక్, టైటానిక్ అక్కచెల్లెళ్ళ మీద ప్రత్యేక సంచిక వేసింది. కొలతల్లో చాలా భాగం అందులోంచే. మునిగిన తర్వాత జరిగిన బ్రిటిష్ విచారణలో ఇంజినీర్ల వాంగ్మూలాలు ఉన్నాయి. యార్డు డ్రాయింగుల్లో మిగిలినవి కొన్ని. ఇక ఫోటోలు. యార్డు ఫోటోగ్రాఫర్ రాబర్ట్ వెల్చ్ తీసినవి అద్భుతంగా ఉంటాయి గానీ, వాటిలో ఎక్కువ ఒలింపిక్‌వి. అక్క ముందు పుట్టింది, కెమెరాలన్నీ అటే తిరిగాయి. మీరు గూగుల్‌లో 'టైటానిక్' అని చూసే కట్టడం ఫోటోల్లో చాలా వాటికి నిజానికి ఒలింపిక్ అని రాసి ఉండాలి. ఎముకల వరకూ రెండూ దాదాపు ఒకటే కాబట్టి మాకు పని జరుగుతుంది. పై డెక్‌ల దగ్గర మాత్రం తేడాలున్నాయి, అక్కడ జాగ్రత్త.

ఇంకో ఆధారం సముద్రం అడుగున ఉంది, సుమారు 3,800 మీటర్ల లోతులో. 2022లో మెగెల్లాన్ అనే కంపెనీ రిమోట్ సబ్‌మెర్సిబుల్స్‌తో శిథిలాన్నంతా స్కాన్ చేసింది. 7 లక్షలకు పైగా ఫోటోలు తీసి, వాటిని కుట్టి ఒకే 3డి మోడల్ చేశారు. 2023 మేలో ప్రపంచానికి చూపించారు. నేను ఆ రాత్రి జూమ్ చేసుకుంటూ తెల్లారగట్ల దాకా కూర్చున్నా. కానీ ఇందులో ఒక చిక్కుంది. ఓడ ముక్కు బురదలో లోతుగా దిగబడిపోయింది. మంచుకొండ తగిలిన కుడి పక్క కింది భాగం ఎవ్వరికీ కనపడదు, ఎంత మంచి కెమెరా అయినా సరే. 1996లో సోనార్‌తో బురదలోకి చూస్తే ఆరు సన్నటి చీలికల జాడ దొరికింది. అన్నీ కలిపితే సుమారు 12 చదరపు అడుగులు. ఇంట్లో మామూలు తలుపు దాని కంటే పెద్దది.

దీనిలో వింతేంటంటే, ఆ 12 అనే అంకె అప్పటికే ఉంది. 1912 విచారణలోనే యార్డు ఇంజినీరు ఎడ్వర్డ్ వైల్డింగ్, ఓడలోకి నీళ్ళు ఎంత వేగంగా వచ్చాయో లెక్కేసి, రంధ్రం మొత్తం 12 చదరపు అడుగులే అయ్యుండాలని చెప్పాడు. కంప్యూటర్ లేదు, సోనార్ లేదు. పెన్నూ కాగితమూ. 2025లో వచ్చిన డాక్యుమెంటరీ కోసం ఇంజినీర్లు డిజిటల్ ఓడని డిజిటల్ మంచుకొండకి గుద్దించారు. వాళ్ళకీ వచ్చింది అదే తరహా చిత్రం: ఒక్క పెద్ద చీలిక కాదు, ఓడ పక్కన వరసగా ఏ4 కాగితమంత చిన్న చిన్న రంధ్రాలు. ఓడలో 15 అడ్డుగోడలు, 16 గదులు. ముందు నాలుగు గదులు నిండినా తేలుతుంది. ఆ రంధ్రాల వరస నాలుగో గదిని దాటిపోయింది. అడ్డుగోడలు కూడా ఓడ పై దాకా లేవవు, మధ్యలో చాలావరకు 'ఇ' డెక్ దగ్గరే ఆగిపోతాయి. ముక్కు కిందికి వంగేకొద్దీ నీళ్ళు ఒక గోడ మీంచి పక్క గదిలోకి పొర్లాయి, ఐస్ ట్రేలో నీళ్ళు పోసినట్టు.

సరే, ప్లేట్లు చిరిగాయా, అతుకులు విడిపోయాయా? ఇక్కడికి వచ్చేసరికి రివెట్ కథ మొదలవుతుంది. నాకైతే ఈ మొత్తం సబ్జెక్టులో ఇదే ముఖ్యం.

బ్లెండర్‌లో రివెట్ పెట్టడం తెలుసా? ఒకటి చేస్తారు. అర్రే మాడిఫైయర్ కొడతారు. వరసగా వెయ్యి వచ్చేస్తాయి. అన్నీ ఒకటే. బెల్‌ఫాస్ట్‌లో ఒక్కో రివెట్‌కీ ఒక జట్టు. ఒక కుర్రాడు చిన్న కొలిమి దగ్గర రివెట్‌ని ఎర్రగా కాలుస్తాడు. రంగు చూసి తెలుసుకోవాలి, థర్మామీటర్ ఏమీ లేదు. ఇంకో కుర్రాడు, క్యాచ్ బాయ్, దాన్ని అందుకుని పటకారుతో రంధ్రంలో పెడతాడు. ఒకతను వెనక నుంచి అదిమి పట్టుకుంటాడు. ఇద్దరు ఇటు నుంచి సమ్మెటలతో మార్చి మార్చి కొడతారు, ఒకరు కుడిచేతి వాటం, ఒకరు ఎడమచేతి వాటం. రివెట్ చల్లారేటప్పుడు కుంచించుకుని రెండు ప్లేట్లనీ గట్టిగా బిగిస్తుంది. తర్వాత ఒకతను వచ్చి చిన్న సుత్తితో తట్టి, శబ్దం విని, మంచివి లెక్కేస్తాడు. డబ్బులు ఆ లెక్క ప్రకారమే. వాన పడితే పని లేదు, పని లేకపోతే జీతం లేదు.

ఓడ నడుమ ఐదింట మూడు వంతుల్లో ఉక్కు రివెట్లని హైడ్రాలిక్ యంత్రంతో నొక్కారు. ముక్కు దగ్గరా వెనకా ఒంపులు ఎక్కువ, ఆ పెద్ద యంత్రం అక్కడికి చేరదు. అందుకని అక్కడ ఇనుప రివెట్లు, చేతి సమ్మెట. శిథిలం నుంచి పైకి తెచ్చిన రివెట్లని టిమ్ ఫెకీ, జెనిఫర్ హూపర్ మెకార్టీ అనే ఇద్దరు లోహ శాస్త్రవేత్తలు కోసి చూశారు. చాలా ఇనుప రివెట్లలో చిట్టెం మోతాదు ఎక్కువ. చిట్టెం అంటే ఇనుము తయారీలో మిగిలిపోయే గాజులాంటి మడ్డి. అది ఉన్నచోట ఇనుము పెళుసు, తల ఊడిపోతుంది. మంచుకొండ తగిలింది సరిగ్గా ఆ ఇనుప రివెట్ల వైపే.

దీన్ని పట్టుకుని 'చవక రివెట్లే ముంచాయి' అని థంబ్‌నెయిల్ పెట్టడం నాకు నచ్చదు. అదే యార్డులో, అదే పద్ధతిలో కట్టిన ఒలింపిక్‌ని 1911 సెప్టెంబరులో హాక్ అనే యుద్ధనౌక గుద్దింది, రెండు గదుల్లో నీళ్ళు నిండినా తనంతట తనే ఒడ్డుకొచ్చింది. 1918లో ఒక జర్మన్ జలాంతర్గామిని తనే గుద్ది ముంచేసింది. 1935 దాకా తిరిగింది. ఏ ఓడా మంచుకొండ పక్కన రాసుకుంటూ పోవడం కోసం కట్టలేదు. మెరుగైన రివెట్లుంటే ఓడ ఇంకాసేపు తేలేదేమో అన్నంత వరకే నేను ఒప్పుకుంటా. ఇంకాసేపు అన్నది కూడా చిన్న మాటేం కాదు. కార్పేథియా వచ్చేసరికి ఓడ మునిగి సుమారు ఒకటిన్నర గంట అయింది.

క్యాచ్ బాయ్ అన్నాను కదా. టైటానిక్ కడుతుండగా చనిపోయినవాళ్ళు ఎనిమిది మంది అని లెక్క. వాళ్ళలో శామ్యూల్ స్కాట్ ఒకడు. 1910 ఏప్రిల్ 20న పై నుంచి పడి పుర్రె చిట్లిపోయింది. వయసు 15. పదో తరగతి పిల్లాడి ఈడు. ఓడ నీళ్ళలోకి దిగడానికి ఇంకా ఏడాది పైనే ఉంది. బెల్‌ఫాస్ట్ శ్మశానంలో అతని సమాధి మీద పేరుతో రాయి పెట్టింది 2011లో, నూరేళ్ళు దాటాక.

మా మోడల్‌లో ఇప్పుడు రివెట్లకి రెండు రంగులు వేస్తున్నాం. యంత్రం నొక్కినవి బూడిద రంగు, చేత్తో కొట్టినవి ఎరుపు. ఎర్రవాటికి అర్రే మాడిఫైయర్ వాడొద్దని మా ముగ్గురం ఒప్పుకున్నాం. ఒక్కో తలనీ కాస్త వంకరగా, కాస్త చదునుగా, తేడాతో పెడుతున్నాం. లాప్‌టాప్ ఏడుస్తోంది, పని కూడా ఘోరంగా నెమ్మదించింది. ముక్కు నుంచి మొదలుపెట్టి ఇప్పటికి తొమ్మిదో ఫ్రేమ్ దగ్గర ఉన్నాం. వచ్చే ఎపిసోడ్‌లో స్క్రీన్ మీద తిప్పి చూపిస్తా.