జోడు కథ – రాయల కాలం నుండి మా మిద్దె దాకా

కార్యదర్శి గారు ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మూడు మార్లు అడిగారు. కాశీయాత్ర గురించి, బి.పి. గురించి, కమ్యుటేషన్ లెక్కల గురించి మన మిత్రులు నాకన్నా బాగా వ్రాయగలరు. నేను 1970లో వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి 34 సంవత్సరాల తర్వాత చార్జిమన్‌గా బయటికి వచ్చినవాణ్ణి. నాకు తెలిసింది ఇనుము ఒక్కటే. కనుక ఇనుము గురించే వ్రాస్తున్నాను. అయితే ఇది యంత్రాల ఇనుము కాదు, ఒంటిమీద తొడుక్కునే ఇనుము.

సంగతి ఇలా మొదలైంది. మా చిన్న మనవడికి బడి వార్షికోత్సవంలో శ్రీకృష్ణదేవరాయల వేషం ఇచ్చారు. అద్దెకు తెచ్చిన కవచం అట్టముక్కకు బంగారు కాగితం అంటించింది. వేదిక ఎక్కేలోపలే భుజం దగ్గర ఊడిపోయింది. ఆ రాత్రి వాడు, "తాతా, నిజం రాయలు ఏం తొడుక్కుండె?" అని అడిగాడు. నాకు వెంటనే గుర్తుకు వచ్చింది 1962 నాటి 'మహామంత్రి తిమ్మరుసు' సినిమాలో ఎన్.టి. రామారావు గారు. అంతకు మించి నాకేమీ తెలియదని అప్పుడు గ్రహించాను. పెనుకొండ కోట నీడన పుట్టి పెరిగినవాడు చెప్పవలసిన జవాబు కాదది. 1565లో రక్కసి–తంగడి యుద్ధం పోయిన తర్వాత తిరుమల రాయలు రాజధానిని తెచ్చి పెట్టుకున్నది మన పెనుకొండలోనే గదా.

మన భాషలో కవచానికి మాటలకు కొదవ లేదు. మైమరువు అన్నారు, జోడు అన్నారు. జోడు అంటే ఇప్పుడు మనకు చెప్పులు, కళ్ళద్దాలు గుర్తుకు వస్తాయి గాని, పాత నిఘంటువుల్లో ఆ మాటకు కవచమనే అర్థం కూడా ఉంది. ఈ వ్యాసంలో నేను జోడు అనే వ్రాస్తాను.

పుస్తకాలు తిరగేయకముందే పని మొదలుపెట్టడం నా తప్పు. వర్క్‌షాపు మనిషి బుద్ధి అంతే. మ్యూజియంలో ఉంగరాల జోడు ఒకటి చూసిన గుర్తు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం చూసినవారికి తెలిసే ఉంటుంది, దూరానికి అల్లిన బనియను లాగా కనిపిస్తుంది. అదే చేద్దామనుకున్నాను. 16 గేజి జి.ఐ. తీగ, అంటే 1.6 మిల్లీమీటర్లది తెచ్చాను. దాన్ని 8 మిల్లీమీటర్ల కడ్డీకి స్ప్రింగులాగా చుట్టి, కత్తిరించి వలయాలు చేశాను. ప్రతి వలయం పక్కనున్న నాలుగింటిని పట్టుకునేలా అల్లాలి. ఒక వలయం బరువు అర గ్రాముకు కొంచెం తక్కువ. మోచేయి దాకా చేతులు, తొడ దాకా పొడవు వచ్చేసరికి 18 వేల వలయాలు పట్టాయి. తీగ పొడవు అర కిలోమీటరు దాటింది. తూకం వేస్తే ఎనిమిదిన్నర కిలోలు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం ఒక గంట చొప్పున నాలుగు నెలలు పట్టింది. మా ఇంటావిడ మొదటి నెలలో నవ్వింది, రెండో నెలలో కోప్పడింది, మూడో నెలలో తనే ప్లయరు పట్టుకుని పక్కన కూర్చుంది. ఆమె అల్లిన వరుసలు నావాటికన్నా సమంగా ఉన్నాయని ఒప్పుకోక తప్పదు. (ఎవరైనా ఈ పని చేస్తే జి.ఐ. తీగను నిప్పులో మాత్రం పెట్టవద్దు. పైనున్న జింకు పొగ పీల్చితే జ్వరం వస్తుంది.)

నిజమైన జోడుకు ఇది నకలు మాత్రమే. పాతవాళ్ళు వలయం కొసలు రెండూ చదును చేసి, రంధ్రం పొడిచి, ఆవగింజంత రివెట్టు కొట్టేవారు. చాలా జోడుల్లో ఒక వరుస రివెట్టు వలయాలు, తర్వాతి వరుస రేకు నుండి పంచితో కొట్టిన అతుకు లేని వలయాలు ఉంటాయి. నేను కొసలు ఆనించి వదిలేశాను. బల్లెం పోటు పడితే నా జోడు పేలాల బస్తాలాగా విచ్చుకుంటుంది. 18 వేల రివెట్లు కొట్టిన మనిషి ఓపిక ఎంతటిదో, రివెట్లు కొట్టి బ్రతికిన నాకు బాగా అర్థమైంది.

అసలు ఆ తీగ ఎక్కడిది? నేను కొట్టుకు పోయి చుట్ట కొనుక్కున్నాను. వాళ్ళు గుండ్రాయి లాంటి ఇనుప ముద్దను కాల్చి, సాగగొట్టి, కమ్మచ్చు రంధ్రాల్లోంచి లాగి తీగ తీసేవారు. ఈ పనిలో మన ప్రాంతం తక్కువది కాదు. టిప్పు సుల్తాను పతనం తర్వాత 1800లో మైసూరు సీమ అంతా తిరిగిన బుకానన్ అనే డాక్టరు, మన మడకశిర పక్కనే ఉన్న మధుగిరి సీమలో ఇనుము కరిగించి ఉక్కు చేయడం చూసి వివరంగా వ్రాశాడు. ఆ ఉక్కు రాతిపనివాళ్ళ ఉలులకు, కత్తులకు, వాద్యాల తంతులకు పోయేదట. బెంగుళూరు–మైసూరు దారిలోని చన్నపట్టణం ఉక్కు తీగలు వీణెలకు, సితారులకు దూరదేశాల దాకా వెళ్ళేవి. తెలంగాణలో నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం పారశీక వర్తకులు అక్కడికే వచ్చి కూర్చునేవారని వోయిసీ అనే మరో ఆంగ్లేయుడు వ్రాశాడు.

ఇక తొడుక్కున్న సంగతి. మే నెల, మధ్యాహ్నం, అనంతపురం. ఇంతకన్నా చెప్పనక్కరలేదు. బట్ట మీద జోడు తొడుక్కుని మిద్దె మీదికి ఎక్కాను. మొదట భుజాలు దిగజారాయి. నడుముకు బెల్టు బిగిస్తే సగం బరువు తుంటి మీదికి దిగి ఊపిరి ఆడింది. పది నిమిషాలకు వలయాలు కాలిన పెనం అయ్యాయి. పక్కింటాయన మిద్దె మీద వడియాలు చూసుకోవడానికి వచ్చి, "ఏం సామీ, ఈ వయసులో ఏ రాజు మీదికి పోతాండావు?" అన్నాడు. నేను జవాబు చెప్పే స్థితిలో లేను. దిగివచ్చి రెండు చెంబుల మజ్జిగ తాగాక బుర్ర పనిచేసింది. సంవత్సరానికి ఐదు వందల పైచిలుకు మిల్లీమీటర్ల వాన పడే ఈ బండనేల మీద, ఎండలో గుర్రమెక్కి యుద్ధం చేసినవాళ్ళు ఇదే తొడుక్కున్నారా?

అప్పుడు గ్రంథాలయానికి పోయాను. రాబర్ట్ స్యూయల్ అనే మద్రాసు సివిల్ సర్వీసు అధికారి రిటైరైన తర్వాత, 1900లో, 'ఎ ఫర్గాటెన్ ఎంపైర్' అనే పుస్తకం అచ్చువేయించాడు. (రిటైరైనవాళ్ళు ఏం చేయగలరని అడిగేవారికి నేను ఈయన పేరు చెబుతుంటాను.) రాయల కాలంలో విజయనగరం చూసిన పేయిష్, ఆ తర్వాతి న్యూనిజ్ అనే పోర్చుగీసువారి రాతలను అందులో ఇంగ్లీషులోకి తెచ్చాడు. పేయిష్ సుమారు 1520లో మహర్నవమి వేడుకల్లో సైన్యం బారులు తీరడం కళ్ళారా చూశాడు. ఆశ్వికుల అంగీలు పైకి పట్టు, మఖమలు, జరీ. లోపల మాత్రం గట్టి పచ్చితోలు పొరలు, వాటిని బలపరచడానికి ఇనుప పలకలు. కొందరి పలకలకు బంగారు పూత. శిరస్త్రాణాలకు మెడను కప్పే అంచు, ముఖానికి అడ్డు. కొందరి కంఠరక్షలు అద్దంలాగా మెరిసే ఉక్కువి. కాల్బలంలో కొందరి డాళ్ళు ఎంత పెద్దవంటే, వాటి వెనుక ఒళ్ళంతా దాగేది, వేరే జోడు అక్కరలేదట.

ఆ పేజీ రెండుసార్లు చదివాను. నా 18 వేల వలయాలు వేరే దారిన పోయినట్టే. రాయల గుర్రపుదళం జోడులో ముఖ్యమైనది తోలు, పలక, బట్ట. మరి రాయలవారో? పేయిష్ చూసిన రోజున ఆయన బంగారు గులాబీలు కుట్టిన తెల్లని బట్టలు, తలమీద జరీ కుళ్ళాయి ధరించి ఉన్నాడు. లేపాక్షి గుడి కప్పు మీద అచ్యుతరాయల కాలం నాటి చిత్రాల్లో విరుపణ్ణ, వీరణ్ణ నిలబడిన తీరు చూడండి, అక్కడా కుళ్ళాయి, నూలుబట్టలే. మనవడికి ఇదే చెప్పాను. వాడికి ఏమీ నచ్చలేదు.

ఉంగరాల జోడు దక్కనులో లేదని దీని అర్థం కాదు. గుంతకల్లు నుండి రైల్లో గంట ప్రయాణమైన ఆదోని కోట 1568లో బిజాపురు సుల్తానుల చేతికి పోయింది. 1689 ప్రాంతంలో మొగలులు పట్టుకున్నప్పుడు, వారి తరఫున వచ్చిన బికనీరు రాజు అనూప్ సింగు ఆదోని ఆయుధాలను రాజస్థానుకు తరలించాడు. బికనీరు ఆయుధశాల గుర్తుతో, ఆదోని పేరుతో చుక్కచుక్కగా పొడిచిన నాగరి అక్షరాలున్న ఆయుధాలు ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. ఆ కాలపు దక్కను జోడుల్లో ఒక విచిత్రమైన వలయం కూడా ఉంది, ఉంగరం మధ్యలో అడ్డంగా ఒక కమ్మీ. బాణపు మొన దూరకుండా అని నా ఊహ. మన రాయలసీమ సొత్తు చూడాలంటే ఎడారి దాటి పోవాలి. తుపాకులు పెరిగేకొద్దీ ఇనుము బరువు తగ్గింది. 1776లో గుత్తి కోటను మురారిరావు నుండి గెలిచిన హైదరాలీ, ఆయన కొడుకు టిప్పు కాలానికి దూది కుట్టిన జోడు, దూది శిరస్త్రాణం వాడుకలో ఉన్నాయి. టిప్పువని చెప్పే అటువంటివి 1799 తర్వాత ఇంగ్లండుకు చేరాయి.

సరే, పలకల జోడు చేద్దామని రెండోసారి కూర్చున్నాను. తీగ పనికి ప్లయరు చాలు. పలకను ఛాతీ వంపుకు వంచాలంటే దాగలి కావాలి. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి.

మా నాయన కమ్మరి. ఊరికి పన్నెండుమంది ఆయగాళ్ళనే విజయనగరం నాటి పద్ధతిలో కమ్మరికి మేర ఉండేది. కళ్ళం దగ్గర ఇన్ని జొన్నలు, ఇన్ని కొర్రలు. ఏడాదంతా ఊరి కర్రులు కాల్చి సాగగొట్టాలి. వాన రాని సంవత్సరం కళ్ళమే లేదు, మేర ఎక్కడిది? అయినా కర్రు తెచ్చినవాణ్ణి మా నాయన వెనక్కు పంపింది నేను చూడలేదు. నాకు ఉద్యోగం రావడం ఆయనకు పండుగ. నాకు మాత్రం నెల జీతగాణ్ణయ్యానన్న మిడిసిపాటు ఉండేది. కొలిమి సంగతి తోటివాళ్ళ దగ్గర ఎత్తేవాణ్ణి కాదు. ఆయన పోయిన తర్వాత 1986లో ఊళ్ళో ఇల్లు ఖాళీ చేస్తూ దాగలి, సమ్మెట, పట్టుకార్లు అన్నీ పాత ఇనుము బండివాడికి తూకానికి వేశాను. దాగలి ఒక్కటే అరవై కిలోలు. ఇద్దరు మోశారు. ఆ డబ్బుతో టేబులు ఫ్యాను కొన్నాను. ఆ ఫ్యాను పదేళ్ళు కూడా తిరగలేదు.

ఇప్పుడు పాత లారీ యాక్సిలు ముక్కను చెట్టుమొద్దులో దిగగొట్టి దాగలి చేసుకున్నాను. దెబ్బ పడినప్పుడు శబ్దం వేరు. మా నాయన దాగలి గంటలాగా పలికేది.

పలకలు అరచేయంతవి. ఒకదాని అంచు మరొకదాని మీదికి వేలెడు ఎక్కాలి, లేకపోతే వంగినప్పుడు సందు పడుతుంది. వీటిని కుట్టడానికి పచ్చితోలు తెచ్చి మూడుసార్లు ప్రయత్నించి పాడుచేశాను. చివరకు మా ఊరికే పోయి, ఎనభై దాటిన ఒక తోలుపని పెద్దాయనను పట్టుకున్నాను. బావుల్లో నీళ్ళుండి కపిల తోలిన రోజుల్లో చుట్టు నాలుగు ఊళ్ళకు ఆయనే కపిల బానలు కుట్టేవాడు. బోర్లు, మోటార్లు వచ్చాక ఆ పని పోయింది. నా తోలు చేతిలోకి తీసుకుని, వంచి చూసి, "ఆరినాక కుడితే ఎట్ల సామీ? నానబెట్టి తడిమీద కుట్టల్ల. ఆరితే అదే బిగుసుకుంటాది. బానకైనా ఇంతే" అన్నాడు. కుట్టు కూడా చూపించాడు. సూది ఒకటి కాదు, రెండు. ఇటునుండి ఒకటి, అటునుండి ఒకటి, ఒకే రంధ్రంలో.

పేయిష్ పట్టు రంగులు, బంగారు పూతలు వ్రాశాడు. అవి చేసినవాళ్ళను వ్రాయలేదు. ఆ జోళ్ళన్నీ రాజధాని కార్ఖానాల్లోనే తయారయ్యాయంటే నాకు నమ్మబుద్ధి కాదు. ఈ పల్లెల్లో కర్రు సాగగొట్టిన చేతులు, బాన కుట్టిన చేతులు అందులో పడి ఉంటాయని నా అభిప్రాయం. పెద్దాయనతో ఈ మాట అంటే, "అయ్యుండచ్చు. కూలి ఇచ్చిరో లేదో" అన్నాడు.

ఛాతీ భాగం పూర్తయింది. 22 పలకలు పట్టాయి, తోలుతో కలిపి నాలుగు కిలోలు. వెనుక భాగానికి ఇంకా 18 పలకలు కొట్టాలి. పెద్దాయన కుట్టు తనే వేస్తానన్నాడు గాని చూపు ఆనడం లేదట. ముందు కంటి ఆపరేషను చేయించుకోవాలి. అది కాగానే కబురు చేస్తానన్నాడు.